నేతిబీర పీచు నుంచి వెదురు సబ్బు స్టాండు దాకా: స్నానాల గదిలో సహజ వస్తువుల శాస్త్రం

నేతిబీరకాయలో నెయ్యి ఉండదని అందరికీ తెలుసు. మరి ఏముంటుంది? తీగ మీదే ముదరనిచ్చి, ఎండనిచ్చి, పైతోలు ఒలిచి చూస్తే లోపల ఒక వల కనిపిస్తుంది. సన్నని దారాలు ఒకదానితో ఒకటి అల్లుకున్న ఆ పీచుతోనే మన పెద్దలు ఒళ్లు రుద్దుకునేవారు. ఇప్పుడు ఆ చోటును చాలా ఇళ్లలో రంగురంగుల ప్లాస్టిక్ వల ఉండలు ఆక్రమించాయి.

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ నగరంలో, టాటానగర్ రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న ప్రాంతం పర్సుడీహ్. ఉక్కు కర్మాగారంలో, రైల్వేలో ఉద్యోగాల కోసం ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో చాలా ఉన్నాయి. తెలుగువారి నేతిబీరను ఇక్కడి హిందీలో ‘నేనువా’ అంటారు. తొలకరికి విత్తనం నాటి, కంచె మీదకో డాబా మీదకో పాకిస్తే కూరకు కాయలు వస్తాయి. నాలుగు కాయలు కోయకుండా తీగకే వదిలేస్తే చలికాలానికి పీచు తయారవుతుంది. ఖర్చేమీ లేదు. అయితే ఆ పీచు ఎలా పనిచేస్తుందో, దానితో వచ్చే ఇబ్బంది ఏమిటో తెలిస్తేనే ప్రయోజనం.

పీచు తయారీ

కాయ పైతోలు గోధుమ రంగుకు మారాలి. చేతిలోకి తీసుకుంటే తేలికగా ఉండాలి, ఊపితే గింజలు గలగలలాడాలి. అప్పుడు కోసి కొన్ని గంటలు నీళ్లలో నానబెడితే తోలు సులువుగా ఊడుతుంది. గింజలు దులిపి వచ్చే ఏడాదికి దాచుకోవచ్చు. పీచుకు అంటిన జిగురు పోయేదాకా నాలుగైదు సార్లు నీళ్లు మార్చి పిండాలి. జిగురు మిగిలితే బూజు పట్టడానికి అదే మొదటి ఆహారం. తర్వాత రెండు మూడు రోజులు ఎండలో ఆరబెట్టి, జానెడు కన్నా చిన్న ముక్కలుగా కోసి, ఒక చివర నూలు తాడుతో ఉరి కుట్టుకోవాలి. మామూలు బీరకాయ పీచు కూడా పనికొస్తుంది. కానీ దాని కణుపుల వల్ల తోలు ఒలవడం కష్టం.

కాయ పెరిగేటప్పుడు నీటినీ పోషకాలనూ మోసిన నాళాలే ఈ దారాలు. వీటిలో ఎక్కువ భాగం సెల్యులోజ్. మిగతాది హెమిసెల్యులోజ్, లిగ్నిన్. లిగ్నిన్ వల్లే ఎండిన పీచు గరుకుగా, గట్టిగా ఉంటుంది. తడిస్తే సెల్యులోజ్ నీటిని పీల్చి మెత్తబడుతుంది. అందుకే పొడి పీచు చర్మాన్ని గీరుతుంది, తడి పీచు రుద్దుతుంది. ఈ వల వడపోతకూ బాగా పనిచేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అమెరికా దిగుమతి చేసుకున్న పీచులో పెద్ద వాటా ఆవిరి, డీజిల్ ఇంజన్లలో వడపోతకే వెళ్లేది.

నీరు ఎందుకు దిగదు?

స్నానం అయ్యాక పీచును ఎంత దులిపినా కొంత నీరు లోపలే ఉండిపోతుంది. దీనికి కారణం కేశనాళికీయత. సన్నని సందుల్లో నీరు గోడలను అంటిపెట్టుకుని, తలతన్యత సాయంతో భూమ్యాకర్షణను ఎదిరించి నిలబడుతుంది. సందు ఎంత సన్ననైతే నీరు అంత ఎత్తుకు నిలుస్తుంది. లోపలి వ్యాసార్థం 1 మిల్లీమీటరు ఉన్న గాజు గొట్టంలో నీరు సుమారు 1.5 సెంటీమీటర్లు ఎక్కుతుంది. వ్యాసార్థం 0.1 మిల్లీమీటరైతే సుమారు 15 సెంటీమీటర్లు ఎక్కుతుంది. పీచులోని పెద్ద రంధ్రాల నుంచి నీరు కారిపోతుంది. దారాలు కలిసే సన్నని మూలల్లోది కారదు, ఆవిరి కావలసిందే.

ఆవిరయ్యే వేగం గాలిలోని తేమను బట్టి మారుతుంది. ఒకే ఉష్ణోగ్రత, ఒకే గాలి వీచినప్పుడు, గాలి ఇంకా ఎంత తేమను తీసుకోగలదన్నదే లెక్క. సాపేక్ష ఆర్ద్రత 40 శాతం ఉంటే 60 శాతం ఖాళీ. 90 శాతం ఉంటే 10 శాతమే ఖాళీ. అంటే ఏప్రిల్ వేడిగాలుల్లో గంటలో ఆరే పీచుకు, శ్రావణంలో కిటికీ మూసిన గదిలో ఆరేడు గంటలు పట్టవచ్చు. జంషెడ్‌పూర్‌లో వానాకాలం నెలల తరబడి ఉంటుంది. పీచు పెట్టే చోటు విషయంలో జాగ్రత్త అవసరమయ్యేది అప్పుడే.

సహజమైనంత మాత్రాన సురక్షితం కాదు

1994లో ‘జర్నల్ ఆఫ్ క్లినికల్ మైక్రోబయాలజీ’లో వెలువడిన ఒక అధ్యయనం నేతిబీర పీచు మీదే జరిగింది. తడి పీచు మీద సూడోమోనాస్ ఏరుజినోసా వంటి బ్యాక్టీరియా పెరుగుతుందనీ, అక్కడి నుంచి చర్మానికి చేరగలదనీ అది చూపింది. రుద్దినప్పుడు రాలే మృతకణాలు పీచులో చిక్కుకుని సూక్ష్మజీవులకు ఆహారమవుతాయి. ప్లాస్టిక్ వలలోనూ ఇవే చిక్కుకుంటాయి కాబట్టి దానికీ మినహాయింపు లేదు.

తేడా అంతా చివర్లో ఉంది. సెల్యులోజ్‌ను సూక్ష్మజీవులు తినగలవు. ప్లాస్టిక్ వలలోని పాలిథిలీన్‌ను అవి దాదాపు ఏమీ చేయలేవు. అందుకే అరిగిన పీచు ముక్క పెరట్లో ఎరువవుతుంది. ప్లాస్టిక్ వల చిన్న చిన్న తునకలుగా విడిపోతూ మట్టిలో, నీటిలో ఏళ్ల తరబడి మిగిలిపోతుంది. పీచును పర్యావరణానికి మేలు చేసే వస్తువుగా మార్చిన గుణం, స్నానాల గదిలో దాన్ని జాగ్రత్తగా చూసుకోవలసిన వస్తువుగా మార్చిన గుణం ఒకటే: దాన్ని సూక్ష్మజీవులు తినగలవు.

కాబట్టి కొన్ని నియమాలు తప్పవు. వాడిన వెంటనే నురగ పోయేదాకా కడిగి, పిండి, గాలి ఆడే చోట వేలాడదీయాలి. వారానికోసారి కొన్ని నిమిషాలు నీళ్లలో మరిగించి ఎండలో పెట్టాలి. నెలకోసారి కొత్త ముక్క తీయాలి. ఒకరి పీచు ఇంకొకరు వాడకూడదు. గాయాలు, పుండ్లు, తామర ఉన్నచోట రుద్దకూడదు. మధుమేహం ఉన్నవారు పాదాల మీద గరుకు పీచు వాడకపోవడమే మంచిది. వాసన వచ్చినా, నల్ల మచ్చలు కనిపించినా పారేయడమే.

సబ్బు కింద సందు

ఇదే సూత్రం సబ్బు స్టాండుకూ వర్తిస్తుంది. అడుగు చదునుగా ఉన్న పెట్టెలో సబ్బు కింద నీరు నిలిచి, సబ్బు కరిగి జావవుతుంది. వెదురు బద్దలను రెండు అడ్డకర్రల మీద వరుసగా నూలు తాడుతో కడితే చక్కటి స్టాండు అవుతుంది. బద్దల మధ్య సందు ఎంత ఉండాలి? నీటి తలతన్యత, బరువు సమాన బలంతో పోటీపడే దూరం సుమారు 2.7 మిల్లీమీటర్లు. సందు అంతకన్నా తక్కువైతే నీటి పొర బద్దల మధ్యే నిలిచిపోతుంది. అర సెంటీమీటరుకు పైగా వదిలితే నీరు కిందకి జారుతుంది.

పచ్చి వెదురులోని పిండి పదార్థం కోసం పురుగు పడుతుంది. కోసిన వెదురును రెండు మూడు వారాలు నీళ్లలో ఉంచి, నీడలో ఆరబెడితే ఆ పిండి పదార్థం, చక్కెరలు చాలావరకు దిగిపోతాయి. పొడి వెదురు ఏళ్లు మన్నుతుంది. తడిలోనే ఉంచితే కుళ్లుతుంది.

కుంకుడు నీళ్లు

సీసా హ్యాండ్‌వాష్‌కు బదులు కుంకుడుకాయ ఉంది. జంషెడ్‌పూర్ కిరాణా కొట్లలో ‘రీఠా’ అని అడిగితే దొరుకుతుంది. గింజ తీసి, పై పెచ్చును రాత్రంతా నానబెట్టి, పిసికి వడకడితే నురగ వస్తుంది. పెచ్చులోని సాపోనిన్ అణువుకు ఒక కొన నీటిని, మరో కొన జిడ్డును ఇష్టపడుతుంది. అది తలతన్యతను తగ్గించి జిడ్డును నీటిలో కలుపుతుంది. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియంతో సబ్బు తెల్లటి తెట్టు కడుతుంది. సాపోనిన్లతో ఆ బెడద చాలా తక్కువ. కానీ ఈ నీళ్లలో నిల్వ ఉంచే రసాయనాలేవీ ఉండవు కాబట్టి రెండు మూడు రోజుల్లో పులుస్తాయి. కొద్దికొద్దిగా చేసుకోవాలి, కంట్లో పడనీయకూడదు.

పీచు, వెదురు, కుంకుడు మూడూ అడిగేది ఒక్కటే: పని అయ్యాక ఆరనివ్వడం. ఆ చిన్న శ్రమ పడగలిగిన ఇంట్లో, కంచె మీద ముదిరిన నేతిబీరకాయలో నెయ్యి లేకపోయినా ఏడాదికి సరిపడా పీచు ఉంటుంది.