ఎస్పెరార్ : ఆశా? ఎదురుచూపా?

అమెరికాలో వుంటున్న మనకు స్పానిష్ రాకపోయినా, కొన్ని మాటలు కంటబడుతూనే వుంటాయి. ఆసుపత్రుల్లో వెయిటింగ్ రూమ్ బోర్డు క్రింద 'సాలా దె ఎస్పెరా' అని వ్రాసి వుండటం చాలామంది చూసేవుంటారు. ఆ 'ఎస్పెరా'కి మూలమైన క్రియ 'ఎస్పెరార్'. న్యూజెర్సీలో ఎడిసన్ నుంచి కాస్త దూరంలో, నూవార్క్‌లోని ఐరన్‌బౌండ్ పేటకు వెడితే పోర్చుగీసు మాట్లాడేవాళ్ళ నోటా యిదే క్రియ. పలుకుబడి కొంచెం వేరు, వ్రాత ఒక్కటే.

దీనికి ముఖ్యంగా రెండర్థాలు: ఎదురుచూడటం, ఆశించటం. మూలం లాటిన్‌లోని 'స్పెరారె'. దానర్థం ఆశించటం. ఊపిరి వున్నంతవరకు ఆశ వుంటుందని చెప్పే దక్షిణ కెరొలైనా రాష్ట్రపు లాటిన్ సూక్తి 'డుమ్ స్పీరో స్పేరో'లో వున్నదీ ఆ క్రియే. ఫ్రెంచివారు దీన్ని ప్రధానంగా ఆశకే వుంచుకుని, ఎదురుచూడటానికి వేరే మాట వాడుకున్నారు. స్పానిష్, పోర్చుగీసులు మాత్రం రెండు బరువులూ ఒక్క మాట మీదే మోపాయి.

మరి ఏ అర్థమో తెలిసేదెలా? తరువాత వచ్చే మాటనుబట్టి. స్పానిష్‌లో 'ఎస్పెరో ఆ మి ఎర్మానో' అంటే మా తమ్ముడికోసం ఎదురుచూస్తున్నాను. 'ఎస్పెరో కె బెంగా' అంటే వాడు రావాలని ఆశిస్తున్నాను. మధ్యలో ఒక్క 'ఆ' చేర్చి 'ఎస్పెరో ఆ కె బెంగా' అంటే వాడు వచ్చేదాకా ఆగుతాను. ఒక్క అక్షరంతో ఆశ కాస్తా నిరీక్షణ అయింది! పోర్చుగీసులో ఎదురుచూడటానికి తరచు 'పోర్' చేరుస్తారు. అన్నట్టు, 'బెంగా' అంటే 'వస్తే బాగుండును' అన్న ఛాయ వున్న క్రియారూపం. మన 'బెంగ'తో చుట్టరికమేమీ లేదుగాని, సందర్భానికి బాగానే కుదిరింది.

మనకు ఈ తికమక లేదు. ఎదురుచూడటం కళ్ళ పని, కాచుకోవటం కావలి పని, ఆశపడటం మనసు పని. పైగా మన 'ఆశ' ఒక్కొక్కప్పుడు అత్యాశ కూడా అవుతుంది. 'ఆశపోతు' అన్నమాట అలా పుట్టిందే.

తమ్ముడి ఉదాహరణ ఊరికే యివ్వలేదు. అమెరికా పౌరులు తోబుట్టువులకోసం వేసిన దరఖాస్తులు భారతదేశానికీ, మెక్సికోకీ కూడా ఏళ్ళ తరబడి నిలిచిపోతున్నాయి. ఏ ఒక్క దేశానికీ ఏడాదిలో 7 శాతానికి మించి వీసాలు యివ్వరాదన్నది చట్టం. విదేశాంగశాఖ నెలనెలా ప్రకటించే తేదీ ఒకనెల ముందుకు జరుగుతుంది, ఒకనెల కదలదు, ఒక్కోసారి వెనక్కీ పోతుంది. మన పక్కింటి మెక్సికో ఆయన 'ఎస్పెరో' అన్నప్పుడు 'ఆ' వున్నదో లేదో వినండి. వుంటే తమ్ముడు వస్తాడని నమ్ముతున్నాడు. లేకపోతే రావాలని కోరుకుంటున్నాడు.

ఎదురుచూసేవాడు నిరాశ చెందుతాడని రెండు భాషల్లోనూ సామెత వున్నది. ఎదురుచూసేవాడు ఎప్పటికైనా సాధిస్తాడని పోర్చుగీసులో మరో సామెత. క్యూలో వున్నవాళ్ళకి రెండవదే చెబుదాం.

ఇలా రెండర్థాలు మోసే తెలుగు క్రియలు పాఠకులకు తోస్తే వ్రాసి పంపవలసిందిగా కోరుతున్నాము.