ఈ-మెయిల్ కూడా సర్కారు కాగితమే!

మన తాతల కాలంలో ప్రభుత్వ రికార్డు అంటే కరణం గారి దగ్గర గుడ్డసంచిలో ఉండే అడంగల్ పుస్తకం. నాన్నల కాలంలో తాలూకా ఆఫీసు బీరువాలో ఎర్ర దారంతో కట్టిన ఫైలు. ఇప్పుడు ఉత్తర్వులు, సలహాలు, నివేదికలు కంప్యూటర్‌లో ఈ-మెయిల్ రూపంలో తిరుగుతున్నాయి. మరి ఆ ఈ-మెయిల్ ఎవరిది? పంపిన అధికారిదా, ప్రభుత్వానిదా, ప్రజలదా? దానిపై దర్యాప్తు జరిగితే ఆ దర్యాప్తు కాగితాలు ఎవరెవరు చూడవచ్చు? ఈ ప్రశ్నలు అమెరికాలో ఒక అధ్యక్ష ఎన్నికనే కుదిపేశాయి. మన హాస్టల్ పిల్లలకు దానితో ఏం పని అనుకోవద్దు. చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

అసలు ఏం జరిగింది?

హిల్లరీ క్లింటన్ 2009 నుండి 2013 వరకు అమెరికా విదేశాంగ మంత్రిగా పనిచేశారు. ఆ నాలుగేళ్లూ ఆమె ప్రభుత్వ ఈ-మెయిల్ వాడలేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని సొంత ఇంట్లో పెట్టుకున్న ప్రైవేటు సర్వర్ ద్వారానే ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపారు. మన భాషలో చెప్పాలంటే ఆఫీసు ఫైళ్లను ఇంటి బీరువాలో దాచుకున్నట్టు. 2014 డిసెంబరులో సుమారు 30 వేల మెయిళ్లను ఆమె విదేశాంగ శాఖకు అప్పగించారు. మరో 31 వేలకు పైగా మెయిళ్లు తన సొంత విషయాలని చెప్పి ఉంచుకోలేదు. 2015 మార్చిలో పత్రికలు ఈ సంగతిని బయటపెట్టాయి. ఏది సొంతం, ఏది సర్కారుది అని తేల్చింది ఆమె తరఫు వారే కావడం పెద్ద అభ్యంతరమైంది.

కాగితాలు చేతులు మారిన తీరు

ఇక్కడి నుండి గమనించవలసింది రికార్డుల ప్రయాణం. మొదట గూఢచారి సంస్థల తనిఖీ అధికారి కొన్ని మెయిళ్లను పరిశీలించి, వాటిలో రహస్య సమాచారం ఉందని 2015 జులైలో ఎఫ్.బి.ఐ.కి తెలిపాడు. ఎఫ్.బి.ఐ. దర్యాప్తు చేసింది. 2016 జులై 5న దాని డైరెక్టర్ జేమ్స్ కోమీ ఫలితం ప్రకటించారు. 110 మెయిళ్లలో పంపిన నాటికే రహస్యమైన సమాచారం ఉందని, నిర్వహణలో తీవ్ర అజాగ్రత్త జరిగిందని, అయితే వివేకం గల ఏ ప్రాసిక్యూటరూ ఇలాంటి కేసు పెట్టరని చెప్పారు. తుది నిర్ణయం న్యాయశాఖది. ఆ శాఖ కూడా కేసు పెట్టలేదు.

దర్యాప్తు ముగిశాక కాగితాలు మూడు దారుల్లో వెళ్లాయి. ఒకటి, పార్లమెంటు వంటి వారి కాంగ్రెస్‌కు. 2016 ఆగస్టులో ఎఫ్.బి.ఐ. తన దర్యాప్తు కాగితాలను అక్కడికి పంపింది. రెండు, విదేశాంగ శాఖకు. ఆమె అప్పగించని ఆఫీసు మెయిళ్లు ఎఫ్.బి.ఐ. వెదుకులాటలో వేల సంఖ్యలో దొరికాయి. అలా దొరికినవాటితో సహా సుమారు 15 వేల పత్రాలు ఆ శాఖకు చేరాయి. మూడు, ప్రజలకు. 1966 నాటి సమాచార స్వేచ్ఛా చట్టం కింద వేసిన దావాల్లో కోర్టుల పర్యవేక్షణలో మెయిళ్లు విడతలవారీగా వెలువడ్డాయి. 2016 సెప్టెంబరు 2న ఎఫ్.బి.ఐ. తన విచారణ సారాంశాన్ని కూడా విడుదల చేసింది. రహస్యమైన చోట్ల అక్షరాలు కొట్టేసి, మిగతాది చూపింది.

ఎన్నికకు పదకొండు రోజుల ముందు, అక్టోబరు 28న, కొత్తగా కొన్ని మెయిళ్లు దొరికాయని కోమీ కాంగ్రెస్‌కు లేఖ రాశారు. నవంబరు 6న పాత నిర్ణయంలో మార్పు లేదన్నారు. 8న పోలింగ్ జరిగింది. క్లింటన్ ఓడిపోయారు. ఓటమికి ఆ లేఖే కారణమా అన్నది నేటికీ వాదనే. కోమీ నడిచిన పద్ధతిని న్యాయశాఖ తనిఖీ అధికారి 2018 నివేదికలో తప్పుపట్టారు. విదేశాంగ శాఖ సొంత సమీక్ష 2019లో ముగిసింది. 38 మంది చేసిన 91 ఉల్లంఘనలను గుర్తించింది. కావాలని ఒక పద్ధతి ప్రకారం రహస్యాలు బయటపెట్టినట్టు బలమైన ఆధారం లేదని తేల్చింది.

దీనిలో రెండు పాఠాలున్నాయి. దాచితే అనుమానం పెరుగుతుంది. అసందర్భంగా, సగం సగం చెప్పినా అన్యాయం జరుగుతుంది. కాబట్టి ఏది, ఎప్పుడు, ఎవరికి ఇవ్వాలో ముందే రాసిపెట్టుకున్న నియమం ఉండాలి.

మన చట్టం ఏమంటుంది?

మనకు ఆ నియమం ఉంది. అదే 2005 అక్టోబరు 12 నుండి అమలులోకి వచ్చిన సమాచార హక్కు చట్టం. 'సమాచారం' అంటే ఏమిటో చెప్పే 2వ సెక్షన్‌లోనే రికార్డులు, మెమోలు, సర్క్యులర్లతో పాటు ఈ-మెయిళ్లు అనే మాట స్పష్టంగా ఉంది.

మరి దర్యాప్తు కాగితాలో? 8(1)(హెచ్) ప్రకారం దర్యాప్తుకు, నేరస్తుల అరెస్టుకు, విచారణకు అడ్డు తగిలే సమాచారం ఇవ్వనక్కరలేదు. అయితే 'దర్యాప్తు జరుగుతోంది' అన్న ఒక్క ముక్కతో తప్పించుకోవడం కుదరదని, ఎలా అడ్డు తగులుతుందో చూపాలని ఢిల్లీ హైకోర్టు 2007లో భగత్ సింగ్ కేసులో చెప్పింది. 10వ సెక్షన్ మరీ ముఖ్యం. ఒక కాగితంలో కొంత భాగమే ఇవ్వకూడనిదైతే, ఆ భాగం తీసేసి మిగతాది ఇవ్వవచ్చు. సి.బి.ఐ.ని 2011లో ఈ చట్టం నుండి మినహాయించారు. అయినా అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు ఆ మినహాయింపు వర్తించదు. మనం అడిగినది వేరే కార్యాలయంలో ఉంటే, అర్జీని అయిదు రోజుల్లో అక్కడికి పంపాలని 6(3) చెబుతుంది. 'మా దగ్గర లేదు పో' అనే మాటకు చట్టంలో చోటు లేదు.

బండ్లపల్లి చూపిన దారి

కాగితం బయటికి వస్తే ఏమవుతుందో అనంతపురానికి ఎవరూ చెప్పనక్కరలేదు. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని దేశంలో మొదటిసారి ప్రారంభించింది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ చట్టం 17వ సెక్షన్ గ్రామసభ చేత సోషల్ ఆడిట్ జరపాలన్నది. మస్టర్ రోల్ పట్టుకొచ్చి ఊరందరి ముందు పేర్లు చదివే పద్ధతి మన రాష్ట్రంలో బలంగా సాగింది. పనికి పోని వారి పేరున కూలి పడిందా, పోయిన వారికి పడలేదా అన్నది అక్కడే తేలేది. వాన రాని ఏడు, వేరుశనగ ఎండిపోయిన ఏడు ఆ కూలి డబ్బులే ఇంటికి ఆధారం. కరువు సీమలో రికార్డు అంటే కాగితం కాదు, కూడు.

మనం చేయగలిగింది

మన మెస్ రిజిస్టరు, డైట్ ఛార్జీల బిల్లులు, కాస్మెటిక్ ఛార్జీల చెల్లింపు, స్కాలర్‌షిప్ ఎక్కడ ఆగిందో చెప్పే ఫైలు కూడా ప్రభుత్వ రికార్డులే. అడగడానికి గొడవ అక్కరలేదు. తెల్లకాగితం చాలు.

1. ఏ రికార్డు, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు అన్నది స్పష్టంగా రాయండి. 'ఎందుకు ఇవ్వలేదు' అని కాకుండా 'నకలు ఇప్పించండి' అని రాయండి.
2. కారణం చెప్పనక్కరలేదు. మన రాష్ట్ర నియమాల ప్రకారం గ్రామస్థాయిలో రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు.
3. అర్జీ ఇచ్చినట్టు రసీదు తప్పక తీసుకోండి.
4. 30 రోజుల్లో జవాబు రాకపోతే పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తరువాత 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలు చేయవచ్చు.

ఒక జాగ్రత్త. తోటి విద్యార్థి వైద్యం, కుటుంబం వంటి సొంత వివరాలు మనం అడగరాదు. బయట పెట్టరాదు. ప్రజల సొమ్ము లెక్క వేరు, మనిషి మానం వేరు.

ప్రభుత్వ సొమ్ముతో తిని చదువుకుంటున్నాం కాబట్టి నోరెత్తరాదని కొందరు అంటారు. అది దయ కాదు, రాజ్యాంగం ఇచ్చిన హక్కు. రేపు మనలో కొందరు గుమస్తాలు, టీచర్లు, తహశీల్దార్లు అవుతారు. అప్పుడు ఫైలు మన చేతిలో ఉంటుంది. ఎవరైనా వచ్చి చూపమంటే, ఇంటి బీరువాలో కాకుండా ఆఫీసు బల్ల మీదే చూపగలిగేలా ఉండాలి. అడగడం ఈ రోజు నేర్చుకుందాం. చూపడం ఆనాడు మరచిపోకుండా ఉందాం.