కంటికి దగ్గర, కాలికి దూరం

ప్రెయిరీ మైదానాలకు కొత్తగా వెళ్ళేవారు తెలుసుకోవలసినవి

(మన విలేఖరి)

ప్రెయిరీలు, స్టెప్పీలు, పంపాలు అంటూ ప్రపంచంలోని గడ్డి మైదానాల పేర్లు హైస్కూలు సాంఘిక శాస్త్రంలో మనమంతా వల్లె వేసినవాళ్ళమే. పరీక్ష రాసి మరిచిపోయిన ఆ ప్రెయిరీలకు ఇప్పుడు మన పల్లెల పిల్లలు చదువులకూ, ఉద్యోగాలకూ పోతున్నారు. కూతురి పురుటికనీ, కొడుకు గృహప్రవేశానికనీ తల్లిదండ్రులు కూడా విమానం ఎక్కుతున్నారు.

మా పక్క ఊరి రైతు ఒకాయన మొన్న వేసవిలో కెనడాలోని సస్కటూన్ నగరానికి అవతల ఒక చిన్న ఊళ్ళో ఉంటున్న కొడుకు దగ్గరికి వెళ్ళారు. సాయంత్రం టీ తాగి బయటికి వస్తే చేల అంచున ధాన్యపు గిడ్డంగి ఒకటి బురుజులా కనిపించింది. మన చెరువుకట్ట దూరమే కదా అని నడక సాగించారు. గంట నడిచినా బురుజు ఉన్నచోటనే ఉంది. కారులో వెతుక్కుంటూ వచ్చిన కొడుకు, అది ఇంటికి తొమ్మిది మైళ్ళని చెప్పాడట. ఎండాకాలం కనుక నవ్వుకునే ముచ్చట అయింది. అదే జనవరి అయితే ప్రాణం మీదికి వచ్చేది.

ప్రెయిరీకి పోయేవారు మొదట నేర్చుకోవలసిన పాఠం ఇదే. అక్కడ కన్ను చెప్పే దూరాన్ని నమ్మరాదు.

పలక మీద గీసిన గళ్ళు

కెనడాలో మానిటోబా, సస్కాచివాన్, ఆల్బర్టా రాష్ట్రాలను ప్రెయిరీ రాష్ట్రాలంటారు. ఒక్క సస్కాచివాన్ విస్తీర్ణమే సుమారు 6.5 లక్షల చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపినా 2.75 లక్షలే. అంత నేల మీద 2021 జనాభా లెక్కల ప్రకారం ఉన్న జనం 11.3 లక్షలు మాత్రమే. మన దగ్గర ఒక చిన్న జిల్లాలో ఉండేంత మంది!

ఒకప్పుడు అక్కడ క్రీ, బ్లాక్‌ఫుట్ వంటి జాతులవారు అడవిదున్నల మందల వెంట తిరిగి బతికేవారు. బైసన్ అనే ఆ దున్నలను 1880 దశకం నాటికి దాదాపు తుడిచిపెట్టేశారు. 1871 నుంచి ప్రభుత్వం నేలను మైలు పొడవు, మైలు వెడల్పు గళ్ళుగా కొలిపించింది. ఒక్కో గడి 640 ఎకరాలు. 1872 చట్టం ప్రకారం పది డాలర్ల రుసుము కట్టి, సేద్యం చేస్తామన్న వలస రైతుకు అందులో పావు వంతు, అనగా 160 ఎకరాలు ఇచ్చారు. నేటికీ పల్లె రోడ్లు ఆ గీతల వెంటే తిన్నగా పోతాయి.

రైలు మార్గం పక్కన ఏడెనిమిది మైళ్ళకు ఒక ఊరు, ఊరికొక ధాన్యపు గిడ్డంగి వెలిశాయి. గుర్రపు బండిలో గోధుమలు తోలుకుపోయి రైతు సాయంత్రానికి ఇల్లు చేరాలన్నది లెక్క. 1930 దశకంలో అలాంటి గిడ్డంగులు ఐదున్నర వేలకు పైగా ఉండేవి. లారీలు వచ్చాక చాలావరకు మూతబడ్డాయి. కొన్ని ఊళ్ళు పటంలో పేరుగా తప్ప మిగలలేదు. కాబట్టి పటంలో ఊరుంది కదా, పెట్రోలు దొరుకుతుందిలే అనుకుంటే చిక్కే. టాంకు సగానికి దిగగానే నింపుకోవాలని అక్కడి వారు చెబుతారు.

బస్సు కోసం నిలబడితే...

హైదరాబాదు నుంచి ఈ రాష్ట్రాలకు నేరుగా విమానం లేదు. దారిలో దిగి మారవలసిందే. అక్కడ దిగాక మన ఆర్టీసీ మాదిరి ఊరూరికీ బస్సు ఉంటుందనుకోవద్దు. సస్కాచివాన్ ప్రభుత్వ బస్సు సంస్థను 2017లో మూసివేశారు. గ్రేహౌండ్ అనే పెద్ద కంపెనీ కూడా 2018లో ఆ వైపు బస్సులు ఆపివేసింది. ఇప్పుడు కొన్ని ప్రైవేటు బస్సులు పెద్ద పట్టణాల మధ్య నడుస్తున్నాయి.

రైలు సంగతీ అంతే. టొరంటో నుంచి వాంకూవర్ పోయే రైలు విన్నిపెగ్, సస్కటూన్, ఎడ్మంటన్ మీదుగా వారానికి రెండు మూడు సార్లే తిరుగుతుంది. గూడ్సు బండ్లకు దారి ఇస్తూ గంటల తరబడి ఆలస్యం కావడం మామూలే. సస్కాచివాన్ రాజధాని రెజీనాకు 1990 నుంచి ప్రయాణీకుల రైలే లేదు.

ఇక మిగిలింది కారు. విన్నిపెగ్ నుంచి రెజీనా సుమారు 570 కిలోమీటర్లు, అంటే హైదరాబాదు నుంచి తిరుపతి అంత. రెజీనా నుంచి కాల్గరీ మరో 760. బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. మలుపే లేని రోడ్డు మీద నిద్ర ముంచుకొస్తుంది. పక్కన కూర్చున్న పెద్దవారు మాట కలుపుతూ ఉండాలి. పొద్దు పొడిచేటప్పుడు, గూకేటప్పుడు జింకలు రోడ్డుకు అడ్డం పడతాయి. రెజీనా చుట్టుపక్కల నేల మన నల్లరేగడి లాంటిదే. వాన పడితే మట్టిరోడ్డు మీద చక్రానికి అంటుకుని కదలనివ్వదు. ఇది మన రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

చలిని తక్కువ చేయవద్దు

చలికాలంలో అక్కడ సున్నాకు దిగువన 30 డిగ్రీలు అరుదేమీ కాదు. దానికి గాలి తోడైతే శరీరానికి తగిలే చలి 40 దిగువకు పోతుంది. అప్పుడు కప్పుకోని చర్మం పది నిమిషాల లోపే గడ్డకట్టవచ్చు. ముందు ముక్కు, చెవులు, వేళ్ళు పోతాయి. ఇంజను ఆయిలు సైతం చిక్కబడుతుంది. అందుకే కార్ల ముందు నుంచి ఒక ప్లగ్గు వేలాడుతుంటుంది. రాత్రి కరెంటుకు తగిలించి ఇంజనును వెచ్చగా ఉంచుతారు.

మంచు తుఫాను రేగితే నేల, ఆకాశం ఒకటే తెలుపు. బానెట్టు కూడా కనిపించదు. దారిలో కారు చిక్కుబడితే దిగి నడవడమే పెద్ద తప్పు. దూరాన దీపం కనిపించినా నడవవద్దు. కారులోనే ఉండాలి. 911కు ఫోను చేసి ఏ రోడ్డు మీద, ఏ ఊరు దాటాక ఆగిపోయారో చెప్పాలి. గంటకు పది నిమిషాలు మాత్రమే ఇంజను నడపాలి. నడిపే ముందు పొగ గొట్టానికి అడ్డం పడిన మంచు తీసివేయాలి. లేకుంటే విషవాయువు లోపలికి వస్తుంది. అద్దం కొద్దిగా దించాలి. దుప్పట్లు, పార, టార్చిలైటు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, తినుబండారాలు లేకుండా బండి తీయరాదు. కొన్ని చోట్ల సెల్ సిగ్నలు అందదు. కాబట్టి బయలుదేరే ముందే ఎవరికైనా ఏ దారిన పోయేదీ, ఎప్పటికి చేరేదీ చెప్పి పోవాలి.

2022 జనవరి 19న మానిటోబాలోని ఎమర్సన్ దగ్గర సరిహద్దుకు కొద్ది మీటర్ల దూరంలో నాలుగు శవాలు మంచులో దొరికాయి. గుజరాత్ నుంచి వెళ్ళిన భార్యాభర్తలు, 11 ఏళ్ళ కూతురు, మూడేళ్ళ కొడుకు. దళారుల మాట మీద రాత్రివేళ కాలినడకన అమెరికాలోకి దాటబోయారు. ఆ రాత్రి చలి గాలితో కలిపి సున్నాకు 35 డిగ్రీలు దిగువన. ఆ కేసులో 2024 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా న్యాయస్థానంలో ఇద్దరు దోషులుగా తేలారు. ఎదురుగా చదునైన నేలే కదా, ఎంతసేపు నడవాలి అని చెప్పే ఏజెంట్లు మన వైపూ ఉంటారు. తల్లిదండ్రులు ఈ సంగతి చెవిన వేసుకోవాలి.

వేసవిలో వెళితే

మొదటిసారి పోయే పెద్దవారికి జూన్ నుంచి సెప్టెంబరు వరకు మేలు. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుగు ఉంటుంది. జూలైలో కనోలా పూసి, మన ఆవచేను మాదిరి నేలంతా పసుపు ఆరేసినట్టుంటుంది. మన కిరాణా కొట్టులో మైసూరు పప్పు చాలాకాలంగా కెనడా నుంచి కూడా వస్తోంది. ఆ దేశపు పంటలో అధిక భాగం సస్కాచివాన్ చేలదే.

దక్షిణ సస్కాచివాన్‌లోని గ్రాస్‌లాండ్స్ జాతీయ వనంలోకి 2005లో బైసన్లను తిరిగి తెచ్చి వదిలారు. ఫొటో కోసం దగ్గరికి పోవద్దు. కనీసం వంద మీటర్ల ఎడం ఉండాలి. వేసవిలోనూ ఉరుములు, వడగళ్ళు, సుడిగాలులు ఉంటాయి. 2007 జూన్ 22న మానిటోబాలోని ఈలీ పట్టణాన్ని తాకిన సుడిగాలి కెనడాలో నమోదైనవాటిలో అతి తీవ్రమైనది. మబ్బు చాలా దూరం నుంచే కానవస్తుంది. చూస్తూ నిలబడకుండా ఇంటి నేలమాళిగలోకి దిగాలి.

మన రైతు భార్య వచ్చే జనవరిలో కోడలి పురుటికి వెళుతున్నారు. మన బజారులో స్వెట్టరు, బూట్లు కొనబోతే కొడుకు వద్దన్నాడట. ఇక్కడి ఉన్ని అక్కడి గాలికి ఆగదనీ, విమానాశ్రయానికే కోటు తెస్తాననీ, తాను వచ్చేదాకా తలుపు దాటి రావద్దనీ చెప్పాడు. ఈ నాలుగు మాటలూ పత్రికలో వేస్తే ఇంకొకరికి పనికొస్తాయని ఆ రైతే అడిగి రాయించారు.