పెంకు లేని గుడ్డు చెప్పిన పాఠం

అవి ఒంటిపూట బడుల రోజులు. మా శామీర్‌పేటలో ఎండలు అప్పుడే ముదిరాయి. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరోజు గిన్నెలో ఒక గుడ్డును జాగ్రత్తగా పట్టుకొని వచ్చింది. ముట్టుకుంటే నీళ్లు నింపిన బుడగలా మెత్తగా ఉంది. దానికి పెంకు లేదు!

“సార్, మా కోడికి దిష్టి తగిలిందట. ఆదివారం కోసేద్దామంటున్నది మా నాయనమ్మ” అన్నది దిగులుగా.

“ఆదివారం దాకా ఆగమను. కోడి ఏం చెబుతున్నదో ముందు మనం విందాం” అన్నాను.

గుడ్డు ప్రయాణం

పెట్ట కడుపులో ఎడమవైపున అండాశయం ఉంటుంది. అక్కడ పండిన పచ్చసొన, అండవాహిక అనే పొడవాటి గొట్టంలోకి జారుతుంది. సుమారు మూడు గంటల్లో దాని చుట్టూ తెల్లసొన చేరుతుంది. మరో గంటా పావులో రెండు పలుచని పొరలు ఏర్పడతాయి. ఆ తరువాత పెంకు. దీనికి మాత్రం దాదాపు 20 గంటలు పడుతుంది! మొత్తం కలిపితే రోజుకన్నా కాస్త ఎక్కువే. అందువల్ల కోడి గుడ్డు పెట్టే వేళ రోజురోజుకూ వెనక్కి జరిగి, చివరికి ఒకరోజు నాగా పడుతుంది. అది జబ్బు కాదు, లెక్క!

పెంకులో నూటికి 94 వంతులకు పైగా ఉండేది కాల్షియం కార్బొనేట్. సున్నపురాయిలో ఉండేదీ అదే. ఒక్కో పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. కోడి రక్తంలో ఒక్కసారిగా ఉండేది కొన్ని పదుల మిల్లీగ్రాములే. మిగిలినది మేత నుంచి రావాలి. రాత్రిపూట మేత ఉండదు గనుక కోడి తన ఎముకల నుంచే కాల్షియాన్ని అప్పు తెచ్చుకుంటుంది. కేవలం నూకలు, అన్నం మెతుకులు తినే కోడికి ఆ అప్పు తీరే దారి లేదు. పెంకు పలచబడుతుంది, ఒక్కోసారి అసలే ఏర్పడదు.

ఎండాకాలంలో మరో చిక్కు ఉంది. కోడికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి రొప్పి ఒంటి వేడి తగ్గించుకుంటుంది. అలా రొప్పినప్పుడు రక్తంలోని కార్బన్ డయాక్సైడు ఎక్కువగా బయటికి పోతుంది. పెంకుకు కావలసిన కార్బొనేటు తగ్గిపోతుంది.

ఆ అమ్మాయికి ఇదంతా బొమ్మ గీసి చెప్పాను. గుడ్డు పెంకులను వేయించి, మెత్తగా దంచి మేతలో కలపమన్నాను. గంపను వేపచెట్టు నీడకు మార్చి, చల్లని నీళ్లు పెట్టమన్నాను. కొన్నాళ్లకు గట్టి పెంకున్న గుడ్డు తెచ్చి నా బల్లమీద పెట్టింది. నాయనమ్మ కత్తి పక్కన పెట్టింది.

గుడ్లు ఆగిపోతే?

గుడ్లు ఆగిన ప్రతిసారీ రోగం అనుకోకూడదు. కోడి ఈకలు రాల్చి కొత్తవి తొడిగే కాలంలో గుడ్లు పెట్టదు. పొదుగు మీద కూర్చున్నదీ పెట్టదు. చలికాలంలో మన ప్రాంతంలో పగలు సుమారు 11 గంటలకు తగ్గుతుంది. వెలుతురు తగ్గితే మెదడు నుంచి అండాశయానికి అందే హార్మోనుల ప్రేరణ తగ్గుతుంది. వీటితోపాటు కడుపులో పురుగులు, ఈకల్లో పేలు, రాత్రిపూట గూటి సందుల్లోంచి వచ్చి రక్తం పీల్చే సూక్ష్మమైన పురుగులు కూడా కోడిని నీరసింపజేస్తాయి. గూడు శుభ్రంగా ఉంచి, సందుల్లో సున్నం పూయాలి.

అసలు శత్రువు

మా సంతోషం ఎంతోకాలం నిలవలేదు. మరుసటి వేసవిలో ఆ అమ్మాయి వాళ్ల వీధిలో కోళ్లు ముడుచుకొని కూర్చోసాగాయి. ఆకుపచ్చగా పారుడు, నోరు తెరిచి శ్వాస, కొన్నింటికి మెడ మెలిక. కొందరు మిగిలిన కోళ్లను తొందరగా అంగడిలో అమ్మేశారు. వాటితోపాటు రోగమూ పక్క ఊళ్లకు వెళ్లింది. వారం తిరిగేసరికి ఆ వీధిలో కోడి కూత వినబడలేదు. మన పెంకు లేని గుడ్డు కోడి కూడా పోయింది.

ఇదే కొక్కెర తెగులు. దీనికి కారణం ఒక వైరస్. 1926లో జావా దీవిలోనూ, ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోనూ దీన్ని గుర్తించారు. కొద్దికాలానికే మన దేశంలో కుమావూ కొండల్లోని రాణీఖేత్ వద్ద కనబడింది. అందుకే దీన్ని రాణీఖేత్ వ్యాధి అనీ అంటారు. సోకిన తరువాత దీన్ని నయం చేసే మందు లేదు. ముందుగా వేసే టీకా ఒక్కటే రక్ష.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. ప్రయోగశాలలో బలహీనపరచిన సూక్ష్మజీవితో తయారైన తొలి టీకా కోళ్లకోసమే పుట్టింది. లూయీ పాశ్చర్ 1880 ప్రాంతంలో కోళ్ల కలరా మీద చేసిన పరిశోధన అది. ఇక మన మేడ్చల్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను విడుదల చేసింది. శామీర్‌పేట పక్కనే ఉన్న జీనోమ్ వ్యాలీ టీకాలు దేశదేశాలకూ వెళుతున్నాయి. ఇన్ని టీకాల నడుమ మన పెరటి కోడి టీకా లేక చనిపోతున్నది!

ఎందుకు? టీకా సీసా సాధారణంగా 100 కోళ్లకు సరిపడేలా వస్తుంది. దాన్ని మంచులో భద్రపరచాలి. ఒకసారి ద్రావకంలో కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. ఐదారు కోళ్లున్న ఇంటివారు ఒక సీసా విప్పితే మిగిలిందంతా వృథా. కనుక ఎవరికి వారు ఊరుకుంటారు. కాని వీధి అంతా కలిస్తే ఒక్క సీసా చాలు.

ఆ ఏడు ఆ అమ్మాయే పలక పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి, మళ్లీ కొత్తగా తెచ్చుకున్న కోళ్లనూ పిల్లలనూ లెక్క రాసింది. ఆ లెక్కతో పశువైద్యశాలకు వెళ్లాం. ఒక చల్లని ఉదయం వీధి వీధంతా గంపలతో వచ్చింది. వారం వయసు పిల్లలకు కంట్లో ఒక్కో చుక్క, ఎదిగిన వాటికి రెక్క కింద సూది. పిల్లలకు మళ్లీ ఎప్పుడు వేయాలో డాక్టరుగారు రాసిచ్చారు. జబ్బుపడిన కోళ్లకు మాత్రం టీకా వేయకూడదు.

విద్యార్థులారా! మీరూ మీ వీధి కోళ్లను లెక్కించండి. కోళ్లు వరసగా చనిపోతే వట్టి చేతులతో ముట్టుకోకండి. వెంటనే పశువైద్యునికి చెప్పండి. చనిపోయినవాటిని చెరువులో వేయనీయకండి. పెద్దలచేత లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్పించండి.

చేసి చూడండి: ఒక గుడ్డును గాజు గ్లాసులో వెనిగర్ పోసి రెండు రోజులు ఉంచండి. పెంకు మీదినుంచి లేచే బుడగలు కార్బన్ డయాక్సైడువి. చివరికి మెత్తని గుడ్డు మిగులుతుంది. దాన్ని అరచేతిలో పెట్టుకొని, ఒక్క రాత్రిలో కోడి ఎంత పని చేస్తుందో ఆలోచించండి.