హాట్ హ్యాచ్‌బ్యాక్

హాట్ హ్యాచ్‌బ్యాక్ అనగా కుటుంబ అవసరాల కోసం తయారుచేసిన చిన్న హ్యాచ్‌బ్యాక్ కారుకు శక్తిమంతమైన ఇంజను, గట్టి సస్పెన్షను, మెరుగైన బ్రేకులు అమర్చి రూపొందించిన వేగవంతమైన కారు. ఈ పేరు 1980 దశకంలో బ్రిటను వాహన పత్రికల ద్వారా ప్రచారంలోకి వచ్చినది. ఇక్కడ "హాట్" అనే మాటకు వేడి అని కాక, చురుకుదనం అని అర్థం చెప్పుకోవాలి. ఈ తరగతికి ప్రమాణంగా నిలిచిన కారు జర్మనీకి చెందిన ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ. కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ కారు ఆధారంగానే వివరించడం జరిగినది.

హ్యాచ్‌బ్యాక్ అంటే

వెనుక అద్దంతో సహా పైకి తెరుచుకునే తలుపు ఉండి, డిక్కీకీ ప్రయాణికుల గదికీ మధ్య అడ్డుగోడ లేని కారును హ్యాచ్‌బ్యాక్ అంటారు. మన దేశంలో మారుతి 800, శాంత్రో, ఇండికా మొదలైనవన్నీ ఈ కోవకు చెందినవే. వెనుక సీటు మడిస్తే బియ్యం బస్తాలు, సైకిలు వంటివి కూడా పెట్టుకోవచ్చును. ఇంజను ముందు భాగంలో అడ్డంగా అమర్చి ముందు చక్రాలనే తిప్పే ఏర్పాటు ఉండటం వలన పొడవు తక్కువైనా లోపల చోటు ఎక్కువగా ఉంటుంది. స్పోర్ట్సు కారులో ఈ సౌకర్యాలేవీ ఉండవు. రెండు సీట్లు, తక్కువ ఎత్తు, ఎక్కువ ధర దాని లక్షణాలు. రెండింటి గుణాలూ ఒకే కారులో, ఒకే ఖర్చుతో లభించాలన్న కోరికే హాట్ హ్యాచ్‌బ్యాక్ పుట్టుకకు మూలం.

చరిత్ర

చిన్న కారుకు పెద్ద శక్తి ఇవ్వాలన్న ఆలోచన గోల్ఫ్‌తో మొదలు కాలేదు. బ్రిటనులో 1961 లోనే మినీ కూపర్ వచ్చినది. అయితే మినీకి వెనుక పైకెత్తే తలుపు లేదు. ఇటలీలో 1971 లో ఆటోబియాంకీ ఏ112 అబార్త్, ఆ తరువాత ఫ్రాన్సులో సింకా 1100 టీఐ వెలువడినాయి. ఏది మొదటిదన్న వాదన నేటికీ ఉన్నది. తరగతికి గుర్తింపు తెచ్చినది మాత్రం గోల్ఫ్ జీటీఐ అన్న విషయంలో భేదాభిప్రాయం తక్కువ.

1973 చమురు సంక్షోభం ఐరోపా కార్ల పరిశ్రమను కుదిపివేసినది. జర్మనీ రహదారులపై ఆ సంవత్సరం చివర తాత్కాలికంగా వేగ పరిమితి విధించారు. ఫోక్స్‌వాగన్ కంపెనీ 1974 లో 80 కోట్ల మార్కులకు పైగా నష్టపోయినది. బీటిల్ కారుకు వారసురాలిగా అదే సంవత్సరం విడుదలైన గోల్ఫ్ మీదనే కంపెనీ భవిష్యత్తు ఆధారపడి ఉన్నది. ఇటలీకి చెందిన జార్జెట్టో జుజారో దాని ఆకృతిని రూపొందించాడు. తొలి గోల్ఫ్ ఇంజన్లు 50, 70 అశ్వసామర్థ్యం గలవి.

ఇటువంటి సమయంలో వేగవంతమైన కారు తయారుచేద్దామని అడిగే ధైర్యం ఎవరికి ఉంటుంది? అందుకే ఆ పని రహస్యంగా మొదలైనది. ఆల్ఫాన్స్ లోవెన్‌బర్గ్ అనే పరీక్షా విభాగపు ఇంజనీరు సూచనతో కొద్దిమంది ఉద్యోగులు, పై అధికారుల ఆదేశం లేకుండానే, "స్పోర్ట్ గోల్ఫ్" పేరుతో పని ప్రారంభించారు. పత్రికా సంబంధాల విభాగాధిపతి ఆంటన్ కాన్‌రాడ్ ఇంట్లో వీరు సమావేశమయ్యేవారు. చివరకు 1975 లో కంపెనీ అనుమతి ఇచ్చినది. ఆ సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మోటారు ప్రదర్శనలో కారును చూపించి, 1976 జూన్‌లో జర్మనీలో అమ్మకానికి పెట్టారు. ధర 13,850 మార్కులు.

5,000 కార్లు అమ్ముడైతే చాలునని కంపెనీ తొలి అంచనా. మొదటి తరం ముగిసేనాటికి తయారైనవి 4,60,000 పైచిలుకు! నష్టాల్లో ఉన్న కంపెనీ అధికారులు ఆనాడు అనుమతి నిరాకరించి ఉంటే అందులో ఆశ్చర్యం ఏమీ ఉండేది కాదు.

జీటీఐ అన్న మూడక్షరాలలో చివరిది ఇంజెక్షన్‌ను సూచిస్తుంది. కార్బ్యురేటరుకు బదులుగా బాష్ కంపెనీ వారి కే-జెట్రానిక్ పరికరం ద్వారా పెట్రోలును ఇంజనులోనికి చిమ్మే పద్ధతి ఇందులో వాడారు. దీని వలన 1,588 ఘనపు సెంటీమీటర్ల ఇంజను 110 అశ్వసామర్థ్యం ఇవ్వగలిగినది. గరిష్ఠ వేగం గంటకు 182 కిలోమీటర్లు. లోపలి అలంకరణ బాధ్యత గున్‌హిల్డ్ లిల్యెక్విస్ట్ అనే మహిళ చేపట్టారు. ఆమె పింగాణీపై చిత్రాలు వేయడంలో శిక్షణ పొందిన కళాకారిణి. సీట్లకు గళ్ళ బట్ట, గేరు కడ్డీకి గోల్ఫ్ బంతి ఆకారంలో పిడి ఆమె ఆలోచనలే. గళ్ళ బట్ట ఆ తరువాతి తరాలలోనూ జీటీఐకి గుర్తుగా నిలిచినది.

ఆ తరువాత ఇతర కంపెనీలు కూడా ఈ మార్గం పట్టాయి. 1984 లో వచ్చిన ప్యూజో 205 జీటీఐని నేటికీ చాలామంది అభిమానులు ఈ తరగతిలో అత్యుత్తమమని అంటారు. హోండా 1997 లో సివిక్ టైప్ ఆర్ కారును తెచ్చినది. ఇటలీకి చెందిన లాంచియా డెల్టా ప్రపంచ ర్యాలీ పోటీలలో 1987 నుండి 1992 వరకు వరుసగా ఆరుసార్లు తయారీదారుల బిరుదు గెలిచినది. గోల్ఫ్ జీటీఐ మాత్రం మధ్యలో వెనుకబడినది. 1991 లో ప్రారంభమైన మూడవ తరం బరువు పెరిగి, శక్తి పెరగక, విమర్శలకు గురైనది. 2004 నాటి అయిదవ తరం 200 అశ్వసామర్థ్యం గల టర్బో ఇంజనుతో, కొత్త వెనుక సస్పెన్షనుతో తిరిగి పేరు నిలబెట్టుకున్నది.

శక్తి, బరువు

కారు చురుకుదనం ఇంజను శక్తి ఒక్కదానిపైనే ఆధారపడదు. శక్తిని ద్రవ్యరాశితో భాగించగా వచ్చే నిష్పత్తి ముఖ్యం. మారుతి 800 కారు సుమారు 650 కిలోల బరువుండి 37 అశ్వసామర్థ్యం ఇచ్చేది. అంటే టన్నుకు 57. మొదటి గోల్ఫ్ జీటీఐ సుమారు 810 కిలోలకు 110, అంటే టన్నుకు 136. 2024 లో సవరించిన ఎనిమిదవ తరం జీటీఐ 265 అశ్వసామర్థ్యం ఇస్తుంది గాని బరువు సుమారు 1,450 కిలోలు కాబట్టి నిష్పత్తి 183 మాత్రమే. శక్తి రెండింతలకు పైగా పెరిగినా నిష్పత్తి మూడోవంతే పెరిగినదని పాఠకులు గమనించవచ్చు. పెరిగిన బరువులో అధిక భాగం ప్రమాద రక్షణ ఏర్పాట్లు, పెరిగిన కొలతలు, సౌకర్యాలకు చెందినది. దీనిని వృథా అనలేము.

ముందు చక్రాల సమస్య

హ్యాచ్‌బ్యాక్‌లో ముందు చక్రాలు రెండు పనులు చేయాలి. కారును లాగాలి, మలుపు తిప్పాలి. టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణకు ఒక పరిమితి ఉన్నది. ఆ పరిమితిలో అధిక భాగం లాగడానికే ఖర్చయితే మలుపు తిరగడానికి మిగిలేది తక్కువ. అప్పుడు స్టీరింగు తిప్పినా కారు తిన్నగా పోవాలని చూస్తుంది. దీనిని అండర్‌స్టీర్ అంటారు. పైగా త్వరణం పొందే సమయంలో బరువు వెనుక చక్రాల వైపు మళ్ళుతుంది. సరిగ్గా పట్టు అవసరమైన క్షణంలోనే ముందు చక్రాలు తేలికపడతాయన్నమాట.

రెండవ సమస్య టార్క్ స్టీర్. ఇంజను అడ్డంగా ఉండటం వలన సాధారణంగా గేరు పెట్టె నుండి కుడి, ఎడమ చక్రాలకు వెళ్ళే ఇరుసుల పొడవులు సమానంగా ఉండవు. యాక్సిలరేటరు గట్టిగా తొక్కినప్పుడు స్టీరింగు తనంత తాను ఒక ప్రక్కకు గుంజుతుంది. కొత్త డ్రైవరుకు ఇది భయం కలిగిస్తుంది.

మొదటి సమస్యకు పరిష్కారంగా లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అనే పరికరం వాడతారు. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రం పట్టు కోల్పోయి తిరుగుతుంటే రెండవ చక్రానికి కూడా తగినంత లాగుడు అందదు. ఈ పరికరం పట్టున్న చక్రానికి ఎక్కువ శక్తిని మళ్ళిస్తుంది. ఫోర్డు కంపెనీ 2009 నాటి ఫోకస్ ఆర్ఎస్ లో ముందు సస్పెన్షను నిర్మాణాన్నే మార్చి 305 అశ్వసామర్థ్యాన్ని ముందు చక్రాలకే అందించినది. 2023 లో హోండా సివిక్ టైప్ ఆర్ జర్మనీలోని 20.8 కిలోమీటర్ల నర్బర్గ్‌రింగ్ ట్రాకును 7 నిమిషాల 44.88 సెకన్లలో చుట్టి ముందు చక్రాల కార్లలో రికార్డు స్థాపించినది. మరికొన్ని కంపెనీలు నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే మార్గం ఎన్నుకున్నాయి. 2019 నాటి మెర్సిడెస్ ఏఎంజీ ఏ45 ఎస్, 2020 నాటి టయోటా జీఆర్ యారిస్ ఇందుకు ఉదాహరణలు.

ముందు చక్రాల కారుకు మరో గుణం కూడా ఉన్నది. మలుపులో హఠాత్తుగా యాక్సిలరేటరు వదిలితే బరువు ముందుకు మళ్ళి, వెనుక చక్రాలు తేలికపడి, కారు వెనుక భాగం జారుతుంది. ప్యూజో 205 జీటీఐ ఈ విషయంలో పేరుమోసినది. నేర్పరులు దీనినే దాని గొప్పదనంగా చెప్పుకుంటారు. తెలియనివారు రోడ్డు ప్రక్కన చెట్టును గుద్దుకున్నారు.

నిత్య వాడకంలో

గంటకు 100 కిలోమీటర్ల వేగం ఎన్ని సెకన్లలో అందుకుంటుందన్న అంకె ప్రకటనలలో ప్రముఖంగా కనిపిస్తుంది. రోజువారీ ప్రయాణంలో దానికి ఉపయోగం స్వల్పం. నిజంగా పనికివచ్చేది నడుస్తున్న వేగం నుండి త్వరగా ముందుకు పోగల శక్తి. ఒక రెండు వరుసల రోడ్డుపై 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న లారీని దాటాలనుకుందాం. కారు కూడా అదే వేగంతో వెనుక ఉన్నది. దాటడానికి లారీ కంటే 50 మీటర్లు అదనంగా పోవాలి. త్వరణం సెకనుకు సెకనుకు 1 మీటరు అయితే 10 సెకన్లు పడుతుంది, ఆ లోగా కారు 189 మీటర్లు ప్రయాణిస్తుంది. త్వరణం 2 మీటర్లయితే 7 సెకన్లు, 148 మీటర్లు చాలు. ఎదురు వరుసలో గడిపే సమయం మూడు సెకన్లు తగ్గినది. శక్తిమంతమైన కారు భద్రతకు తోడ్పడుతుందని అభిమానులు చెప్పే మాటలో ఈ మేరకు సత్యమున్నది.

ఇక రెండవ ప్రక్క. గతిజ శక్తి వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని పదవ తరగతి లోపే చదువుకుంటాము. సెకనుకు సెకనుకు 8 మీటర్ల ఋణత్వరణంతో బ్రేకు వేస్తే 60 కిలోమీటర్ల వేగం నుండి ఆగడానికి 17 మీటర్లు, 120 నుండి 69 మీటర్లు పడుతుంది. బ్రేకు మీదకు కాలు చేరడానికి ఒక సెకను కలిపితే ఇవి వరుసగా 34, 103 మీటర్లు. ఇది పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో వేసిన లెక్క. వర్షంలో ఇంకా పెరుగుతుంది. ఎంత ఖరీదైన బ్రేకులైనా టైరు పట్టును మించి ఆపలేవు. త్వరణాన్ని ఇంజను కొనిపెట్టగలదు గాని, ఆగే దూరాన్ని ఆ స్థాయిలో కొనలేము. కొనుగోలుదారులు, ముఖ్యంగా యువకులు, ఈ తేడాను సరిగా గ్రహించడం లేదు.

బ్రిటనులో 1980 దశకం చివరి నుండి దీని ఫలితం కనిపించినది. ప్రమాదాలు, దొంగతనాలు పెరిగి, హాట్ హ్యాచ్‌బ్యాక్‌ల బీమా రుసుము యువకులకు అందనంతగా పెరిగిపోయినది. 1990 దశకం మొదట్లో ఈ తరగతి అమ్మకాలు పడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇతర ఖర్చులలో వెడల్పాటి టైర్లు, తరచు మార్చవలసిన బ్రేకు ప్యాడ్లు, అధిక పెట్రోలు ముఖ్యమైనవి. గట్టి సస్పెన్షను వలన గతుకుల రోడ్డుపై వెనుక సీటులోని వృద్ధులకు నడుము నొప్పి తప్పదు. కొన్ని కొత్త కార్లలో మీట నొక్కి షాక్ అబ్జార్బర్ల గట్టిదనాన్ని తగ్గించుకునే వీలున్నది. కుటుంబంతో వాడేవారికి ఇంజను శక్తి కంటే ఈ సౌకర్యమే ఎక్కువ ఉపకరిస్తుంది.

భారతదేశంలో

ఫోక్స్‌వాగన్ కర్మాగారం విశాఖపట్నానికి వస్తుందని 2005 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్‌లో ఎంతో ఆశించారు. చివరకు అది మహారాష్ట్రలోని పూణే సమీపాన చాకణ్‌కు తరలిపోయి 2009 లో ప్రారంభమైనది. పోలో కారు అక్కడ తయారైనదే.

మన దేశంలో ఈ తరగతి విస్తరించకపోవడానికి ధర ఒక కారణమైతే, పన్ను విధానం మరొక కారణం. 2006 కేంద్ర బడ్జెటు నుండి 4 మీటర్లకు మించని పొడవు, 1,200 ఘనపు సెంటీమీటర్లకు మించని పెట్రోలు ఇంజను గల కారును చిన్న కారుగా పరిగణించి తక్కువ సుంకం విధించారు. వస్తు సేవల పన్నులోనూ ఈ విభజన కొనసాగినది. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న పెట్రోలు కార్లకు 18 శాతం, పెద్దవాటికి 40 శాతం పన్ను అమలులోకి వచ్చినది. కాబట్టి పొడవు తక్కువైనా పెద్ద ఇంజను పెట్టిన మరుక్షణం కారు ఖరీదైపోతుంది. 2015 లో వచ్చిన అబార్త్ పుంటో (1.4 లీటర్లు, 145 అశ్వసామర్థ్యం), 2016 లో 25.65 లక్షల రూపాయల ధరతో వచ్చిన పోలో జీటీఐ (1.8 లీటర్లు) ఎక్కువకాలం నిలువలేదు. పరిమితి లోపల ఉంటూ చిన్న టర్బో ఇంజనుతో తయారైన పోలో జీటీ టీఎస్ఐ (2013), బాలెనో ఆర్ఎస్ (2017), ఐ20 ఎన్ లైన్ (2021), ఆల్ట్రోజ్ రేసర్ (2024) ఒక మధ్యేమార్గం. ఐరోపా ప్రమాణాలతో చూస్తే ఇవి హాట్ హ్యాచ్‌బ్యాక్‌లు కావు, కొంచెం చురుకైనవి మాత్రమే. మన రోడ్లకు, మన జేబులకు ఇవే తగినవని చెప్పవచ్చును. అసలైన గోల్ఫ్ జీటీఐ 2025 మే నెలలో దిగుమతి కారుగా సుమారు 53 లక్షల ధరతో మన దేశంలో అమ్మకానికి వచ్చినది. ఒకనాడు సామాన్యుడి స్పోర్ట్సు కారుగా పుట్టినదానికి ఇది విచిత్రమైన స్థానం.

ఈ కారు గరిష్ఠ వేగం గంటకు 250 కిలోమీటర్లు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డుపై సైతం 2023 లో పెంచిన పరిమితి 120 మాత్రమే. దీని పూర్తి శక్తిని చట్టబద్ధంగా పరీక్షించదలచినవారు చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు సమీపంలోని కరి మోటారు స్పీడ్‌వే వంటి రేసు ట్రాకులకు వెళ్ళవలసి ఉంటుంది.