44,100: ఒక సంఖ్య జాతకం

మ్యూజిక్ ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో ఆడియో సెట్టింగ్స్ తెరిస్తే 44100, 48000, 96000 అని వరసగా కనిపిస్తాయి. పెద్దదే మంచిదనుకుని నేను కొన్నేళ్లపాటు చివరిదాన్నే నొక్కాను. గ్లాసు పెద్దదైతే కాఫీ పెరగదని ఆలస్యంగా తెలిసింది. ఘంటసాల పాటను ఎన్ని వేలకు పెంచినా, ఆనాటి మైకు పట్టని స్వరం ఇప్పుడు కొత్తగా పుట్టుకురాదు.

ఇంతకీ ఆ మొదటి సంఖ్యకు చివరన వంద ఎందుకు? నలభై వేలనో, నలభై అయిదు వేలనో గుండుగుత్తగా పెట్టుకోవచ్చు కదా!

సగం జవాబు మన చెవిలో ఉంది. మనిషికి వినిపించే ధ్వని మహా అయితే 20,000 హెర్ట్జ్. దాన్ని అంకెల్లో పట్టాలంటే సెకనుకు అంతకు రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలని నైక్విస్ట్, షానన్‌ల సిద్ధాంతం. పై ధ్వనులను వడకట్టే ఫిల్టర్ గోడలా నిట్టనిలువుగా కోయలేదు కాబట్టి దానికి కాస్త చోటు వదలాలి. అలా నలభై వేలు దాటింది.

మిగతా సగం జవాబు టీవీలో ఉంది. 1970ల చివర డిజిటల్ ధ్వనిని దాచడం పెద్ద చిక్కు. రెండు చానెళ్లు, ఒక్కో కొలతకు 16 బిట్లు, అంటే సెకనుకు 14 లక్షల బిట్ల పైమాట. అంత ధారను గంటసేపు చవగ్గా మింగగల యంత్రం అప్పట్లో వీడియో రికార్డరే. అందుకని సోనీ పీసీఎం అడాప్టర్లు ధ్వనిని నలుపు తెలుపు చుక్కల బొమ్మగా మార్చి, టీవీ దృశ్యమన్నట్టు టేపుకు అందించేవి. టేపు నమ్మింది! అప్పటి జపాన్, అమెరికా టీవీలో సెకనుకు 60 ఫీల్డులు, అంటే సగం సగం బొమ్మలు. ఒక్కో దాంట్లో వాడుకోదగ్గ గీతలు 245, గీతకు మూడు కొలతలు. గుణిస్తే 44,100. ఐరోపాలో 50 ఫీల్డులు, 294 గీతలు, మళ్లీ మూడేసి. అక్కడా 44,100. సోనీ, ఫిలిప్స్ కలిసి 1980లో సీడీ ప్రమాణం రాసుకున్నప్పుడు ఆ సంఖ్యే దిగింది. 1982 అక్టోబరు 1న జపాన్‌లో సీడీ ప్లేయర్ అమ్మకానికొచ్చింది. వీడియో టేపు పోయింది, దాని లెక్క మిగిలింది.

సినిమా, టీవీ వాళ్లకు ఆ లెక్క కుదరలేదు. 48,000 అయితే 24, 25, 30 ఫ్రేములతో దేనితో భాగించినా శేషం లేదు. వాళ్లు దాన్ని పట్టుకున్నారు. 1997లో ఇంటెల్ తెచ్చిన ఏసీ'97 ప్రమాణం కూడా 48,000 మీదే నిలవడంతో కంప్యూటర్లదీ అదే దారయింది. ఇటు పాట 44,100, అటు సౌండ్ కార్డు 48,000. మధ్యవర్తి కావాలి. అదే రీశాంప్లర్.

దాని పని చూస్తే ముచ్చటేస్తుంది. ఈ రెండు సంఖ్యల నిష్పత్తి 147:160. ప్రతి రెండు కొలతల మధ్యా 159 సున్నాలు దూర్చితే సెకనుకు 70,56,000 అవుతాయి. వాటిని ఫిల్టర్‌తో నునుపు చేసి, ప్రతి 147వ దాన్నీ ఏరుకుంటే సరిగ్గా 48,000! అసలు ప్రోగ్రాములు పారేయబోయే వాటిని లెక్కకట్టకుండా దాటేస్తాయనుకోండి. బద్ధకంగా రాసినవి మాత్రం రెండు చుక్కల మధ్య తిన్నని గీత గీసి సరిపెడతాయి. అప్పుడు పైస్వరాలు మందగిస్తాయి, లేనివి చేరతాయి. 96,000 నుంచి 44,100కు దిగేటప్పుడు వడకట్టకపోతే, చెవికి అందని 30,000 హెర్ట్జ్ ధ్వని 14,100 దగ్గర వేషం మార్చుకుని తేలుతుంది. సినిమాలో బండి చక్రం వెనక్కి తిరిగినట్టు కనబడటం చూశారుగా, ఇదీ అలాంటిదే.

ఎంపీడీ అనే ప్లేయర్‌లో ఈ తంతంతా ఒక్క వరసలో ఇముడుతుంది: 44100:16:2. కొలతల వేగం, బిట్లు, చానెళ్లు. ఇలా రాస్తే ప్రతి పాటనూ ఆ అచ్చులోకి పోస్తుంది. వేగం ఉండాల్సిన చోట నక్షత్రం గుర్తు పెడితే ఫైలు వేగం ఎంతుంటే అంతే ఉంచి పంపుతుంది. ఆ తర్వాత బ్రౌజర్ మోతనూ మెసేజ్ గంటనూ పాటతో కలపాల్సి వస్తే ఆపరేటింగ్ సిస్టమే అన్నిటినీ ఒకే వేగానికి తెస్తుంది. మంచి రీశాంప్లర్ ఒక్కసారి మారిస్తే నా చెవికి తేడా తెలియలేదు. ప్లేయర్ 96,000కు ఎత్తడం, దాన్ని సిస్టమ్ మళ్లీ 48,000కు దించడం మాత్రం ప్రాసెసర్‌కు దండగ చాకిరీ. నా ప్లేయర్‌లో ఇప్పుడున్నది నక్షత్రమే.