పచ్చి బొంగులో ఏం జరుగుతుంది

మా జూలూరుపాడు చుట్టుపక్కల పత్తి ఏరడం అయిపోయాక చేలో మిగిలిన కట్టెను పీకి ఇంటి వెనక కుప్పేస్తారు. చుట్టం వచ్చి నాటుకోడిని కోసిన రోజున ఆ పత్తికట్టె అంటుకుంటుంది. ఈకలు పీకిన కోడిని కాళ్లు పట్టుకుని మంట మీద అటూ ఇటూ తిప్పుతారు. నూగు మాడుతుంది, తోలు బిగుస్తుంది. పసుపు రాసి కడిగేలోపు ఒక వాసన లేస్తుంది. కాల్చిన మాంసమంటే నాకున్న ఇష్టం ఆ వాసన దగ్గర మొదలైంది. అది నన్ను కొత్తగూడెం చీకుల బండ్ల దగ్గరికీ, హైదరాబాద్‌లో కాగిన రాతిపలక మీద వండే పత్తర్ కా గోష్త్ దగ్గరికీ, ఒకసారి టెక్సస్‌ దాకా కూడా తీసుకెళ్లింది.

ఇంత తిరిగాక తెలిసిందేమంటే, నిప్పు మీద మాంసం వండేవాడు కనిపెట్టుకుని ఉండాల్సింది నీటిని. ముక్కలో నీరెంత ఉంది, ఎటు పోతోంది, దాన్ని ఎప్పుడు పోనివ్వాలి అన్నదే అసలు పని. ఈ సంగతిని నాకు కళ్లకు కట్టినట్టు చూపించింది గోదావరి దాటాక, మారేడుమిల్లి దగ్గరి వెదురు బొంగు.

ముందు చీకుల సంగతి చెప్పాలి. సైకిల్ చక్రం పుల్లలాంటి సన్నని చువ్వకు చిన్న చిన్న ముక్కలు, కింద బొగ్గులు, బండివాడి చేతిలో విసనకర్ర. ముక్క పైపొరలో తడి ఉన్నంతసేపు దాని వేడి 100 డిగ్రీలు దాటదు. ఎంత మంట పెట్టినా ఆ వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. తడి ఆరాక వేడి 140 డిగ్రీల దాకా ఎక్కుతుంది, అప్పుడు మాంసకృత్తులూ చక్కెరలూ కలిసి ఎర్రబడతాయి. మనం కాల్పు రుచి అనేది అక్కడ పుడుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మైయార్ 1912లో వివరించిన చర్య ఇదే, ఆయన పేరే దానికి నిలిచింది. చీకు ముక్క చిన్నది, మెత్తనిది. పైన ఎర్రబడేలోపు లోపల ఉడికిపోతుంది. ఈ పద్ధతి మన దక్కనుకు కొత్తది కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరున 12వ శతాబ్దంలో వచ్చిన మానసోల్లాసంలోనే ముక్కలను చువ్వలకు గుచ్చి నిప్పుల మీద కాల్చే భడిత్రకం ఉంది.

చిక్కంతా నాటుకోడి దగ్గర వస్తుంది. ఏడాది పాటు పెంటకుప్పల మీద పరిగెత్తిన కోడి తొడలో కండను కట్టి ఉంచే పీచు ఎక్కువ. ఆ పీచు కరిగి జిగురుగా మారాలంటే వేడి ఒక్కటే సరిపోదు, సమయం కావాలి, తడి కావాలి. అదే తొడను చీకుల బొగ్గుల మీద పెడితే పైన మాడుతుంది, లోపల పళ్లకు సాగుతుంది. అందుకే మన ఇళ్లలో కోడిని మంట మీద కాల్చేది వాసన కోసమే, వండేది మాత్రం కుండలో. ఒకే వంటలో రెండు పనులను రెండు చోట్ల చేస్తున్నామన్నమాట. ఎవరూ శాస్త్రం చెప్పకుండానే మా నాయనమ్మ తరం కనిపెట్టిన పరిష్కారం ఇది.

టెక్సస్ వాళ్లు ఇదే చిక్కును వేరే దారిలో విప్పారు. డాలస్ దగ్గర ఉండే మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు చూశాను. ఎద్దు రొమ్ము భాగం, వాళ్లు బ్రిస్కెట్ అనేది, కాళ్లలాగే బరువు మోసిన కండ. మా వైపు పెద్దకూర వండేవాళ్లు కూడా దాన్ని గంటల తరబడి ఉడికిస్తారు. అక్కడ దాన్ని మంటకు దూరంగా, పొగ పారే ఇనుప గూట్లో, 110 డిగ్రీలకు అటూ ఇటూగా పది పన్నెండు గంటలు ఉంచుతారు. మధ్యలో ఒక వింత జరుగుతుంది. మాంసం లోపలి వేడి 65, 70 డిగ్రీల దగ్గర ఆగిపోయి గంటల తరబడి కదలదు. కొత్తవాళ్లు కంగారుపడి కట్టెలు ఎగదోస్తారు. నిజానికి అక్కడ జరిగేది మన మట్టికుండలో నీళ్లు చల్లబడే పనే. మాంసం పైకి చేరిన తడి ఆవిరవుతూ, వచ్చిన వేడిని వచ్చినట్టు తీసుకుపోతుంటుంది. ఓపిక ఉన్నవాడు ఆగుతాడు, ఆ ఆగిన గంటల్లోనే పీచు కరుగుతుంది. అమెరికాలో బార్బెక్యూ అని గట్టిగా పట్టుబట్టేవాళ్లు ఈ నిదానపు వంటనే ఆ పేరుతో పిలుస్తారు, బొగ్గుల మీద చకచకా కాల్చేదాన్ని కాదు. మాట మాత్రం కరీబియన్ దీవుల టైనో జనానిది. నిప్పు మీద కర్రలతో కట్టిన మంచెకు వాళ్లు పెట్టుకున్న పేరును స్పెయిన్ వాళ్లు ఎత్తుకొచ్చారు.

ఇప్పుడు బొంగు. మా ఊరి నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం చేరి, అక్కడ చింతూరు బస్సెక్కాలి. ఒకప్పుడు ఇదంతా మా ఖమ్మం జిల్లానే. 2014లో చింతూరు, కూనవరం వైపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి, 2022లో అవి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. మాది 2016లో భద్రాద్రి కొత్తగూడెం అయింది. చింతూరు దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. మలుపుకో వెదురు పొద. మారేడుమిల్లి దగ్గరికొచ్చేసరికి రోడ్డు పక్కన నిప్పుల వరసలు, వాటికి ఆనించి పచ్చని బొంగులు కనబడతాయి.

పని చూడ్డానికి చిన్నదే. ఒక పక్క కణుపు మూసి ఉన్నట్టు, మరో పక్క తెరిచి ఉన్నట్టు బొంగును కోస్తారు. ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి పట్టించిన కోడిముక్కలను లోపలికి కూరతారు. నూనె లేదు, నీళ్లు లేవు. తెరిచిన మూతిని ఆకులతో బిగిస్తారు. నిప్పుల మీద తిప్పుతూ అరగంట, ముప్పావుగంట ఉంచుతారు.

లోపల జరిగేది మాత్రం నిదానంగా గమనించదగ్గది. పచ్చి వెదురు బరువులో దాదాపు సగం నీరే. నిప్పు తగిలిన పక్క పైతోలు నల్లబడుతుంది, గోడలో ఉన్న నీరు మరిగి కొంత బయటికి, కొంత లోపలికి ఆవిరిగా వస్తుంది. కోడి సొంత నీరు కూడా దానికి తోడవుతుంది. గోడలో తడి మిగిలినంతసేపు లోపలి వేడి మరిగే నీటి వేడిని మించదు. అందుకే మాంసం అడుగంటదు, ఎండదు, పీచు మెత్తబడుతుంది. ఆకుల మూత గట్టిగా కనిపించినా ఆవిరికి సందు ఇస్తుంది. ఆ సందు లేకపోతే ప్రమాదం. అడవి అంటుకున్నప్పుడు వెదురు కణుపులు టపటపా పేలేది లోపలి గాలికీ ఆవిరికీ దారి లేకనే.

అంటే బొంగులో కోడి కాల్చిన కోడి కాదు. తేగలను కుండలో నిలువునా కూర్చి, బోర్లించి, చుట్టూ మంటేసి తంపట వేస్తాం కదా, దాని వరసలోది ఇది. బోర్డుల మీద బ్యాంబూ బార్బెక్యూ అని రాయడం నాకు బాధగా ఉంటుంది. ఇంత సరైన తెలుగు మాట మన దగ్గరుండగా దాన్ని వాడుకోవడం లేదు. మలేసియాలో సారవాక్ ఇబాన్ ప్రజలు వండే పాన్సో, వియత్నాంలో వెదురులో వండే అన్నం కూడా ఈ తంపట చుట్టాలే. పచ్చి వెదురు దొరికిన చాలా చోట్ల మనుషులు ఇదే దారి పట్టారు.

మారేడుమిల్లిలో నిప్పుల దగ్గర కూర్చున్న, కొండరెడ్డి తెగకు చెందిన ఒక పెద్దాయనను అడిగాను, ఏ బొంగైనా పనికొస్తుందా బాబాయ్ అని.

"ఎండిందైతే కోడికంటే ముందు అదే కాలిపోద్ది బాబూ. ముదురుదైతే పగులుద్ది. పోయినేడు మొలిచింది చూసుకోవాల."

ఆ మాట విలువ నాకు ఇంటికొచ్చాక తెలిసింది. రెండు బొంగులు కొనుక్కుని బస్సులో తెచ్చాను. మూడో రోజు పెరట్లో పత్తికట్టె మంట వేసి పెట్టాను. పత్తికట్టె భగ్గుమని లేచి బూడిదవుతుంది, నిప్పు నిలవదు. అప్పటికే పసుపురంగుకు తిరిగిన బొంగు ఒక పక్క నిలువునా చీలి రసమంతా నిప్పులో పడింది. రెండోదాన్ని తుమ్మ నిప్పుల మీద పెట్టాను, కొంత నయం, అయినా మాంసం గోడకు అంటుకుంది. మంట సరిదిద్దుకోగలిగాను గానీ, మూడు రోజుల్లో ఎండిన తడిని తిరిగి తేలేకపోయాను. పట్నంలో కొన్ని చోట్ల కూరను వేరే వండి, ఎండు బొంగులో పోసి బల్ల మీదికి తేవడం చూశాను. అందులో బొంగు చేసిన పనేమీ లేదు. ఈ వంట తినాలంటే వెదురు ఉన్న చోటికి మనమే వెళ్లాలి.

వెదురు మీద హక్కు ఎవరిదన్నది కూడా ఈ వంటలో భాగమే. పాపికొండల కొండరెడ్ల మీద మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1945లో వెలువరించిన పుస్తకంలో గోదావరి ఒడ్డున వెదురు నరికే కూలీల బతుకు, కాంట్రాక్టర్ల పెత్తనం కనిపిస్తాయి. నిజానికి గడ్డిజాతి మొక్క అయిన వెదురును 1927 అటవీ చట్టం చెట్ల జాబితాలో పెట్టింది. 2006 అటవీ హక్కుల చట్టం దాన్ని చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి అడవిబిడ్డలకు హక్కు ఇచ్చింది. 2017 సవరణతో అడవి బయట పెరిగే వెదురు చెట్ల నిర్వచనం నుంచి తప్పుకుంది. ఒక్కో కోడికి ఒక్కో బొంగు, ఒకసారి వాడాక దాని పని అయిపోతుంది. తినేవాళ్లు పెరిగేకొద్దీ రోడ్డు పక్క పొదలు పలచబడతాయి. ముళ్ల వెదురు కొన్ని దశాబ్దాలకు ఒక్కసారే పూసి, వెదురు బియ్యం రాల్చి, పొదకు పొద చచ్చిపోతుంది. మళ్లీ గింజ నుంచి లేచి బొంగు లావెక్కడానికి ఏళ్లు పడుతుంది.

మరుసటి ఏడు వెళ్లినప్పుడు ఆ పెద్దాయన నన్ను పొద దగ్గరికి తీసుకెళ్లాడు. నేల నుంచి రెండో కణుపు పైన కత్తి వేసి, నరికిన చోట నీళ్లు నిలవకుండా ఏటవాలుగా చెక్కాడు. పొద నడుమ ఆ ఏటి వానలకు లేచిన కొమ్ములు నాలుగున్నాయి, ఇంకా పొరలు విప్పలేదు. వాటికి తగలకుండా బొంగును ఇవతలికి వంచి లాగడానికి, నరకడానికి పట్టినదానికంటే ఎక్కువసేపు పట్టింది.